ఫ్రెంచ్ భోజనం తోడుగా ఫ్రెంచ్ భాష: రొట్టె కొట్టు నుంచి అతిథి బల్ల దాకా

ఇంటర్మీడియట్‌లో మార్కులు బాగా పడతాయని ద్వితీయ భాషగా ఫ్రెంచ్ తీసుకున్నవారు హైదరాబాదులో చాలామందే ఉంటారు. నేనూ ఆ కోవలోనివాడినే. రెండేళ్లు చదివి, క్రియారూపాల పట్టికలు కంఠస్థం చేసి, ఆ తరువాత కొన్నేళ్లకు పై చదువుకని ఫ్రాన్సులోని లియోన్ నగరంలో దిగిన మొదటి ఉదయం రొట్టె కొనుక్కోవడం చేతకాక తిరిగి వచ్చాను. భూతకాల రూపాలు తెలిసినా, కొట్టులోని ఆవిడ అడిగిన రెండు మాటల ప్రశ్న అర్థం కాలేదు. ఆ దేశపు భాషను తిండి దగ్గర మొదలుపెట్టి నేర్చుకుంటే వ్యాకరణమూ మర్యాదా ఒకేసారి అబ్బుతాయని అప్పటి నుంచి నా అభిప్రాయం. నేను నేర్చుకున్న క్రమాన్ని, దారిలో చేసిన పొరపాట్లు సవరించి, ఇక్కడ వివరిస్తున్నాను. ఫ్రాన్సుకు వెళ్లబోయేవారికే కాక ఇంట్లో కూర్చొని నేర్చుకునేవారికి కూడా ఇది పనికివస్తుంది.

మొదటి మెట్టు: నోరు తిప్పడం

మనలో చాలామంది ఫ్రెంచ్‌ను ఇంగ్లిషు మీదుగా నేర్చుకుంటారు, అందువల్ల అక్కడి 'త'ను 'ట'గా పలుకుతారు. నిజానికి ఫ్రెంచ్ 'త', 'ద' అచ్చంగా మన త, ద లాగానే నాలుక పళ్లకు తగిలి పుడతాయి. క, ప కూడా ఊపిరి కలవకుండా మన మాదిరిగానే పలుకుతాయి. కనుక టమాటాను 'తొమాత్' అనాలి, పళ్లతో చేసే టార్టును 'తార్త్' అనాలి. ఇంగ్లిషును పక్కన పెట్టి తెలుగు నోటితోనే పలికితే సగం ఉచ్చారణ దానంతట అదే కుదురుతుంది.

రెండవ సంగతి అనునాసికాలు. మనం రాయడం మానేసిన అరసున్న ఇక్కడ మళ్లీ అక్కరకు వస్తుంది. రొట్టె 'పెఁ', ద్రాక్ష సారాయం 'వెఁ', గాలి 'వాఁ'. చివర 'న్' గానీ 'మ్' గానీ వినిపించకూడదు, గాలి ముక్కులోంచి పోవాలి. సరిగ్గా చెప్పాలంటే 'పెఁ'లోని అచ్చు ఎ, యా అనే రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, దాన్ని చెవితో పట్టుకోవలసిందే. మన లిపిలో లేని మరొక అచ్చు 'ద్యు' అనే మాటలో ఉంది. పెదవులను ఊ అన్నట్టు సున్నా చుట్టి, లోపల నాలుకతో ఈ అంటే అది వస్తుంది. గొంతులోంచి వచ్చే 'ర' కోసం తొందరపడనక్కరలేదు, మన ర వారికి అర్థమవుతుంది.

'స', 'జ' తేడాను మాత్రం అశ్రద్ధ చేయరాదు. 'ప్వసోఁ' అంటే చేప, 'ప్వజోఁ' అంటే విషం. భోజనశాలలో ఈ రెండింటినీ తారుమారు చేస్తే వడ్డించే మనిషి నవ్వి ఊరుకుంటాడు గాని, నేర్చుకునే మనం ఊరుకోకూడదు. ఇక మాటల చివరి హల్లు చాలాచోట్ల పలకదు, పక్కన అచ్చు వస్తే మాత్రం లేచి వచ్చి దానితో కలుస్తుంది. 'ద' అంటే రెండు, 'ఉరో' అంటే యూరో, రెండు యూరోలు 'దజురో' అవుతాయి. సంధి చదువుకున్న తెలుగువారికి ఇది వింతేమీ కాదు. గుడ్డు అనే మాట తమాషా అయినది: ఒక్కటైతే చివర 'ఫ్' వినిపిస్తుంది, రెండో మూడో అయితే ఆ 'ఫ్' మాయమై ఒట్టి అచ్చు మిగులుతుంది.

రెండవ మెట్టు: రొట్టె కొట్టు

ఫ్రాన్సులో ఏ ఊళ్లో ఉన్నా రోజూ మాట్లాడక తప్పని చోటు రొట్టె కొట్టు, దాన్ని 'బులాఁజ్‌రి' అంటారు. పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అక్కడికక్కడే జరిగే కొట్టుకే ఆ పేరు పెట్టుకునే హక్కును 1998 నాటి చట్టం ఇచ్చింది. ఎక్కడో కాల్చినదాన్ని తెచ్చి అమ్మేవారు ఆ మాట బోర్డు మీద రాసుకోకూడదు.

కొట్టులో జరిగే సంభాషణకు దాదాపు మంత్రంలాంటి స్థిరమైన వరుస ఉంది. లోపలికి అడుగు పెడుతూనే 'బోఁజూర్' అనాలి. ఇది అలంకారం కాదు, అది అనకుండా నేరుగా కావలసినది అడగడం అక్కడ మొరటుతనం. పర్యాటకులకు 'ఫ్రెంచివారు కరుకు మనుషులు' అన్న అభిప్రాయం కలగడానికి ఎక్కువసార్లు ఈ ఒక్క మాట లోపమే కారణమని నాకు తోస్తుంది. తరువాత 'యున్ త్రదిస్యోఁ, సిల్ వూ ప్లే' అనాలి, అంటే 'ఒక త్రదిస్యోఁ (సంప్రదాయ పద్ధతిలో చేసే పొడవాటి బగెత్ రొట్టె), దయచేసి' అని. అప్పుడు ఆవిడ 'అవెక్ ససి?' అంటుంది. నన్ను మొదటి రోజు వెనక్కి పంపిన ప్రశ్న ఇదే. మాటకు మాటగా చూస్తే 'దీనితో?' అని అర్థం, నిజానికి మన కిరాణా కొట్టులో వినే 'ఇంకేం కావాలి?' అన్నదే. 'సె తూ, మెర్సి' అంటే 'అంతే, థాంక్స్' అని జవాబు. డబ్బిచ్చి, 'బొన్ జుర్నే, ఓ ర్వార్' అని బయటికి రావాలి. ఈ ఆరు వాక్యాలను అద్దం ముందు నిలబడి ఇరవైసార్లు పలికినవారికి మొదటి వారం సులువుగా గడుస్తుంది.

'బగెత్' అనక 'త్రదిస్యోఁ' అని ఎందుకు అడగాలంటే, 1993 నాటి ఒక ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆ పేరుతో అమ్మే రొట్టె పిండిని ఏ దశలోనూ గడ్డకట్టించి నిల్వ చేయకూడదు, అందులో సంకలిత రసాయనాలు కలపకూడదు. మామూలు బగెత్‌కు అంత కట్టుబాటు లేదు. ధరలో తేడా కొద్దిపాటిదే, రుచిలో మాత్రం బాగా తెలుస్తుంది. బగెత్ తయారీ నైపుణ్యాన్నీ దాని చుట్టూ అల్లుకున్న సంస్కృతినీ యునెస్కో 2022లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంటికి తీసుకువెళుతూ దారిలోనే దాని కొనను తుంచి తినడం కూడా ఆ సంస్కృతిలో భాగమే. ఆ కొనకు 'కిన్యోఁ' అని ప్రత్యేకమైన పేరుంది. వేడి రొట్టె కొన తుంచకుండా ఇల్లు చేరినవారిని నేను అరుదుగా చూశాను.

ఇక్కడే లింగభేదం మొదటి పాఠం దొరుకుతుంది. బాగా కాలిన రొట్టె కావాలంటే 'బ్యెఁ క్విత్' అంటారు, ఎందుకంటే బగెత్ స్త్రీలింగం. నెలవంక ఆకారంలో ఉండే క్రువసాఁ పుంలింగం కనుక దానికి 'బ్యెఁ క్వి' అనాలి, 'త్' పలకదు. పుస్తకంలో అక్షరాల తేడాగా మాత్రమే కనిపించే లింగం కొట్టులో చెవికి వినిపిస్తుంది, అందుకే త్వరగా గుర్తుంటుంది.

మూడవ మెట్టు: 'కొంత' అనే చిన్న మాట

'అన్నం తిన్నాను' అనడానికి తెలుగులో అన్నం ముందు ఏ మాటా అక్కరలేదు. ఫ్రెంచ్‌లో నామవాచకం ఒంటరిగా రావడం అరుదు. పుంలింగమైతే 'ద్యు', స్త్రీలింగమైతే 'ద లా' చేర్చి, 'కొంత అన్నం', 'కొంత జామ్' అన్నట్టు చెప్పాలి: 'ద్యు రి', 'ద లా కోఁఫిత్యూర్'. ఇష్టాయిష్టాల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆ పదార్థం మొత్తాన్ని ఉద్దేశించి 'ల' గానీ 'లా' గానీ వాడతారు. జున్ను (చీజ్) అంటే ఇష్టం అనడానికి 'జెమ్ ల ఫ్రొమాజ్', తింటున్నాను అనడానికి 'జ మాఁజ్ ద్యు ఫ్రొమాజ్', తినను అనడానికి 'జ న మాఁజ్ పా ద ఫ్రొమాజ్'. వ్యతిరేక వాక్యంలో లింగంతో నిమిత్తం లేకుండా ఒట్టి 'ద' మిగులుతుంది. 'అఁ పులే తింటాను' అని పొరబాటున అంటే 'ఒక కోడిని మొత్తం తింటాను' అన్నట్టవుతుంది.

దీనికి నాకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం ఇంటి సామాను చీటీని ఫ్రెంచ్‌లో రాసుకోవడం. ఉప్పు అని కాక 'ద్యు సెల్' అని, పిండి అని కాక 'ద లా ఫరీన్' అని, నూనె అచ్చుతో మొదలవుతుంది కనుక 'ద లువీల్' అని ప్రతి పేరునూ దాని ముందుమాటతో కలిపి రాయాలి. మూడు నెలలు అలా రాస్తే వంటింటి వస్తువుల లింగాలు ఆలోచించకుండానే నోటికి వస్తాయి.

నాలుగవ మెట్టు: భోజనశాలలో జాబితా చదవడం

ముందుగా వేళలు తెలియాలి. మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకా. రెండు దాటితే చాలా వంటశాలలు పొయ్యి ఆర్పేస్తాయి, రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకు గాని మొదలు కాదు. మూడు గంటలకు ఆకలితో తిరిగేవారికి రొట్టె కొట్టే దిక్కు.

జాబితాలోని మాటలు ఇంగ్లిషు తెలిసినవారిని తరచు తప్పుదారి పట్టిస్తాయి. మనం మెనూ అనే అట్టను అక్కడ 'కార్త్' అంటారు. 'మెన్యు' అంటే నిర్ణీత ధరకు వచ్చే రెండు మూడు అంచెల పూర్తి భోజనం. 'ఆఁత్రే' అంటే ముందుగా వచ్చే చిన్న వంటకం, అమెరికాలో ఇదే మాటకు ప్రధాన వంటకమని అర్థం. 'ప్లా ద్యు జూర్' అంటే ఆ రోజు ప్రత్యేకంగా వండినది. కొత్తవారు మధ్యాహ్నం పూట దీన్నే అడగడం మంచిది, ధరా తగ్గుతుంది, వంటా తాజాగా ఉంటుంది. 'యున్ కరాఫ్ దో' అంటే కూజాతో కుళాయి నీళ్లు, వాటికి డబ్బు తీసుకోరు. ఊరికే 'నీళ్లు' అంటే సీసా తెచ్చి బిల్లులో కలిపే అవకాశం ఉంది. సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది కనుక బక్షీసు మన ఇష్టం.

వంటకాల పేర్లలో 'ఆ', 'ద' అనే రెండు చిన్న మాటల పని గ్రహిస్తే జాబితా సగం విప్పినట్టే. మనకు కాఫీ కప్పు వేరు, కప్పు కాఫీ వేరు. వారికి 'తాస్ ఆ కఫే' మొదటిది, 'తాస్ ద కఫే' రెండవది. వనిల్లా ఐస్‌క్రీమ్‌లో వనిల్లా రుచి మాత్రమే కనుక అక్కడ 'ఆ' వస్తుంది, కూరగాయలతోనే చేసే సూప్‌లో 'ద' వస్తుంది.

లియోన్‌లో 'బుషోఁ' అనే సంప్రదాయ భోజనశాలలు ఉన్నాయి. ఆ మాటకు సీసా బిరడా అనీ, రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ అనీ కూడా అర్థాలున్నాయి, సందర్భం చూసుకోవాలి. ఈ నగరానికి వంటలో పేరు తెచ్చినవారిలో ఎక్కువమంది 'మేర్', అంటే అమ్మలు, అని పిలవబడిన వంటగత్తెలు. వారిలో ఉజెనీ బ్రజియే 1933లో తన రెండు భోజనశాలలకూ, భోజనశాలలకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు నుంచి మూడేసి నక్షత్రాలు సంపాదించింది. తరువాత వంటవాడిగా జగత్ప్రసిద్ధుడైన పోల్ బొక్యూజ్ యువకుడిగా ఆమె వంటశాలలో పని చేసినవాడే.

అలాంటి ఒక బుషోఁలో నాకు జరిగినది చెబుతాను. అన్నం తిని వారాలయింది. కార్త్‌లో 'రి ద వో' అని ఎవరో చదవగా విన్నాను, 'రి' అంటే బియ్యం, అన్నం అని తెలుసు కనుక సంతోషంగా అదే అడిగాను. వచ్చిన పళ్లెంలో మీగడ పులుసులో వేయించిన మెత్తటి ముక్కలు ఉన్నాయి, ఒక్క మెతుకు లేదు. అన్నాన్ని సూచించే మాట చివర జెడ్ రాస్తారు, ఈ మాట చివర ఎస్ రాస్తారు, పలకడం రెండూ ఒకటే. రెండవ దానికి దూడ మెడ దగ్గరి గ్రంథి అని అర్థం. చెవిని నమ్మి కంటితో చదవకపోవడం నా తప్పు.

దీనికి నేరుగా ఎదురు నిలిచే పేరు అదే జాబితాలో ఉంటుంది: 'సెర్వెల్ ద కన్యు', అంటే 'నేతగాడి మెదడు'. పేరు చూసి శాకాహారులు బెదిరిపోతారు గాని, అది మెత్తటి తాజా జున్నులో వెల్లుల్లి, చిన్న ఉల్లి, ఉల్లికాడల వంటి ఆకులు, కొంచెం నూనె, వెనిగర్ కలిపిన పచ్చడి లాంటి పదార్థం. కన్యులు అంటే లియోన్‌లో క్రువా-రూస్ గుట్ట మీద మగ్గాలు నడిపిన పట్టు నేతగాళ్లు. కూలి రేట్ల కోసం 1831లోనూ, మళ్లీ 1834లోనూ తిరగబడ్డవారు వీరే. మాంసం కొనలేని పేద నేతగాళ్ల తిండికి ఈ వెక్కిరింపు పేరు పడిందని చెబుతారు. 'తబ్లియే ద సపర్' అంటే 'సిపాయి ఏప్రన్' అని మాటకర్థం, అసలు పదార్థం ఆవు లేదా ఎద్దు కడుపు పొర. 'ఆఁదుయెత్' పేగులతో చేసినది, దాని వాసన పక్క బల్ల దాకా వస్తుంది. అందమైన పేరు విని ఆర్డరు ఇవ్వకూడదని లియోన్ బాగా నేర్పుతుంది.

ఐదవ మెట్టు: తినని వాటిని చెప్పడం

తెలుగువారికి, ముఖ్యంగా శాకాహారులకూ గొడ్డుమాంసం తిననివారికీ, ఇది అన్నిటికంటె ముందుగా కావలసిన పాఠం. పురుషుడైతే 'జ స్వి వెజెతారియెఁ' అనాలి, స్త్రీ అయితే చివర 'న్' పలుకుతూ 'వెజెతారియెన్' అనాలి. అంతటితో ఆగకుండా 'జ న మాఁజ్ ని వ్యాఁద్, ని ప్వసోఁ', అంటే 'మాంసమూ తినను, చేపా తినను' అని కలపడం మేలు, ఎందుకంటే చేపను మాంసంగా లెక్కించని మనుషులు అక్కడా ఉన్నారు. 'లర్దోఁ' అనే మాటను గుర్తు పెట్టుకోవాలి. ఇవి పంది కొవ్వుమాంసపు చిన్న ముక్కలు, సలాడ్లలోనూ గుడ్ల వంటకాల్లోనూ చెప్పాపెట్టకుండా పడుతుంటాయి. 'ఇల్ యా దే లర్దోఁ దదాఁ?' అంటే 'ఇందులో లర్దోఁ ఉన్నాయా?' అని. బఫ్ అంటే గొడ్డుమాంసం, వో అంటే దూడమాంసం, పోర్ అంటే పంది, అన్యో అంటే గొర్రెపిల్ల. స్టేక్ అని మాత్రమే రాసి ఉంటే అది గొడ్డుమాంసమే అనుకోవాలి.

కఠినంగా శాకాహారం పాటించేవారు జున్ను సంగతి కూడా చూసుకోవాలి. ఫ్రెంచ్ సంప్రదాయ జున్నులు చాలావరకు దూడ కడుపు నుంచి తీసిన 'ప్రెజ్యూర్' అనే పదార్థంతో పాలు విరిచి చేసినవే.

ఆరవ మెట్టు: సంత

అంకెలు పుస్తకంలో కంటె కూరగాయల సంతలో త్వరగా వస్తాయి. డెబ్బై అనడానికి 'అరవై-పది', ఎనభైకి 'నాలుగు ఇరవైలు', తొంభై ఏడుకు 'నాలుగు ఇరవైలు-పదిహేడు' అంటారు. అమ్మేవాడు వేగంగా ధర చెప్పినప్పుడు ఈ లెక్క మనసులో కట్టేలోగా వెనక మనుషులు పోగవుతారు. బెల్జియంలోనూ స్విట్జర్లాండులోనూ డెబ్బైకీ తొంభైకీ వేరే సూటి మాటలున్నాయి, పారిస్‌లో వాటిని వాడితే అర్థం చేసుకొని నవ్వుతారు. 'యున్ లీవ్ర్' అంటే ఇప్పటికీ అరకిలో.

పళ్లను మనం తాకి ఏరుకోకూడదు, అమ్మేవారే ఏరి ఇస్తారు. కర్బూజా అడిగితే 'ఎప్పటికి?' అంటారు. ఆ ప్రశ్న నాకు చాలా ఇష్టం. మధ్యాహ్నానికా, రేపటికా అన్నదాన్ని బట్టి ముచ్చిక నొక్కి, వాసన చూసి తగినంత పండినది ఇస్తారు. 'పుర్ స స్వార్' అంటే ఈ రాత్రికి, 'పుర్ దమెఁ' అంటే రేపటికి.

ఏడవ మెట్టు: వంటింట్లో క్రియలు

ఫ్రెంచ్ వంట సూచనలు సాధారణంగా 'కలపడం, పోయడం' అన్నట్టు క్రియ మూలరూపంలోనే ఉంటాయి, కనుక పురుషలూ వచనాలూ రానివారు కూడా చదవగలరు. ఫిబ్రవరి 2న 'షాఁద్‌లర్' పండుగకు ఇళ్లలో క్రేప్‌లు అనే పలుచని అట్లు పోస్తారు, మన దోసె పెనం దానికి చక్కగా సరిపోతుంది. 250 గ్రాముల మైదా, 4 గుడ్లు, అర లీటరు పాలు, 50 గ్రాముల కరిగించిన వెన్న, చిటికెడు ఉప్పు. పిండి, ఉప్పు, గుడ్లు 'మెలాఁజే', అంటే కలపాలి. పాలు కొద్దికొద్దిగా 'వెర్సే', పోయాలి. ఉండలు లేకుండా 'ఫ్వెతే', గిలకొట్టి, వెన్న చేర్చాలి. ఒక గంట 'లెసే రపోజే', నాననివ్వాలి. పెనం మీద పలుచగా పరచి, అంచు ఎర్రబడగానే 'రతుర్నే', తిరగేయాలి. మొదటి క్రేప్ పాడవుతుందని వారూ అనుకుంటారు, మన మొదటి దోసె లాగానే.

ప్రతి పని చేస్తూ ఆ క్రియను పైకి అనాలి. మరునాడు 'జె మెలాఁజే, జె వెర్సే', అంటే 'కలిపాను, పోశాను' అని ఎవరికైనా చెప్పాలి. ఈ క్రియలన్నిటికీ మూలరూపం, భూతకాల రూపం ఒకేలా వినిపిస్తాయి కనుక ఒక వంటతో రెండు పాఠాలవుతాయి. గుడ్డు తిననివారు నీస్ నగరపు 'సొకా' చేసుకోవచ్చు. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసి కట్టెల పొయ్యిలో కాల్చి, మిరియాల పొడి చల్లి ఇస్తారు. మన శనగపిండి అట్టుకు దూరపు చుట్టంలా ఉంటుంది.

ఎనిమిదవ మెట్టు: భోజనానికి పిలిచినప్పుడు

ఇంటికి పిలిస్తే చెప్పిన వేళకు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లడమే మర్యాద, వంట చేస్తున్నవారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చినట్టవుతుంది. రొట్టె ముక్కను పళ్లెంలో కాక బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు. రెండు చేతులూ బల్ల మీద కనిపించాలి, ఒడిలో దాచుకోకూడదు. ప్రధాన వంటకం తరువాత, తీపికి ముందు జున్నుల పళ్లెం వస్తుంది. మెత్తటి రకంతో మొదలుపెట్టి, రొక్‌ఫోర్ వంటి ఘాటైనదాన్ని చివరకు ఉంచుకోవాలి. బ్రీ వంటి త్రికోణపు ముక్కలో మొన కోసుకోకూడదు, అందులోనే రుచి ఎక్కువ కనుక అది స్వార్థమనిపించుకుంటుంది. పక్క నుంచి పొడవుగా కోయాలి.

మారు వడ్డించబోయినప్పుడు ఒట్టి 'మెర్సి' అంటే చాలాసార్లు 'వద్దు' అని అర్థం. కావాలంటే 'వొలోఁత్యే' అనాలి, అంటే 'సంతోషంగా' అని. కడుపు నిండింది అనే మన మాటను యథాతథంగా మార్చి 'జ స్వి ప్లెన్' అని ఏ స్త్రీ అయినా అంటే, ఆ మాటను కడుపుతో ఉన్న పశువులకు వాడతారు కనుక బల్ల చుట్టూ నవ్వులు లేస్తాయి. 'జ నె ప్ల్యు ఫెఁ', ఇక ఆకలి లేదు, అనడం క్షేమం. అలాగే ఇంట్లో చేసిన జామ్ రుచి చూసి ఇంగ్లిషు ధోరణిలో 'ఇందులో ప్రెజర్వతీఫ్‌లు ఉన్నాయా?' అని అడగరాదు. ఆ మాటకు అక్కడ అర్థం కండోమ్. నిల్వ పదార్థాలను 'కోఁసెర్వతర్' అంటారు.

కాఫీ తీపితో కలిసి కాక, తీపి అయిపోయాక చిన్న కప్పులో పాలు లేకుండా వస్తుంది. పాల చుక్క కావాలంటే భోజనశాలలో 'న్వజెత్' అని అడగవచ్చు, ఇంట్లో మాత్రం కొంచెం పాలు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మన 'మీరు'కు సాటి 'వూ', 'నువ్వు'కు సాటి 'తు'. పెద్దవారితో, కొత్తవారితో 'వూ' అనే మాట్లాడాలన్నది తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. సాధారణంగా ఈ కాఫీ దగ్గరే ఆ ఇంటివారు 'ఓఁ స తుత్వా?', అంటే 'ఇక నువ్వు అనుకుందామా?' అని అడుగుతారు. 'అవెక్ ప్లెజీర్' అని ఒప్పుకోవాలి. ఆ క్షణం నుంచి రొట్టె కొట్టు కోసం కంఠస్థం చేసిన 'వూ' రూపాలన్నిటినీ 'తు'లోకి మార్చుకుంటూ తడబడవలసి వస్తుంది. మొదటి సాయంత్రం నేను ఒకే వాక్యంలో రెండూ కలిపేశాను, ఆ ఇంటి పెద్దావిడ నా కప్పులో మరికొంచెం కాఫీ పోసింది.